డ్రమ్ము పట్టు ఎంత? – పిచికారీ పాత్రల పరిమాణాన్ని స్థూప సూత్రంతో సరిచూచుట

పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమై, 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన నందిగామ, జగ్గయ్యపేట మండలాలలో పత్తి, మిరప పండించే రైతును "ఎకరాకు ఎంత మందు నీరు కొట్టారు?" అని అడిగినచో లీటర్లలో సమాధానం రావడం అరుదు. "ఒక డ్రమ్ము", "డ్రమ్మున్నర" అనే మాటే వినిపిస్తుంది. శాస్త్రవేత్త సిఫారసు లీటరుకు ఇన్ని మిల్లీలీటర్లు అనో, ఎకరాకు 200 లీటర్ల నీటిలో ఇంత అనో ఉంటుంది. పొలం గట్టున అమలు జరిగేది మాత్రం డ్రమ్ము లెక్కన. ఈ రెండింటినీ కలిపే వంతెన "డ్రమ్ము అంటే 200 లీటర్లు" అనే ఒకే ఒక్క నమ్మకం. దానిని టేపు పెట్టి సరిచూసినవారు తక్కువ. ఆ సరిచూపు ఎట్లు చేయవలెనో, ఎక్కడెక్కడ పొరపాటు జరుగునో వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం. కావలసిన గణితం ఉన్నత పాఠశాల స్థాయిదే. అయినను క్షేత్రస్థాయిలో తప్పులు జరిగేది ఎక్కువగా ఈ సులభమైన చోటనే.

పాత్రను ప్రమాణంగా వాడుట మనకు కొత్త కాదు. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అని తెలుగునాట ధాన్యం కొలిచిన తరాలు ఉన్నాయి. కుంచం కూడా స్థూపాకారపు పాత్రయే. అయితే ఒక ఊరి కుంచం మరొక ఊరి కుంచంతో సరిపోవాలన్న నియమం లేదు. అంచుకు సమంగా చదును చేసి కొలిచారా, పైన శంకువులా కుప్ప పోసి కొలిచారా అన్నదానిపై కూడా లెక్క మారేది. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుండి దశాంశ పద్ధతి అమలులోకి రావడంతో ధాన్యం విషయంలో ఆ తగవు క్రమంగా తీరింది. మందు నీటి విషయంలో మాత్రం డ్రమ్ము నేటి కుంచమై కూర్చున్నది.

స్థూప సూత్రం, దాని రెండు రూపాలు

పాఠ్యపుస్తకాలలో సిలిండరును స్థూపం అంటారు. జగ్గయ్యపేట వాసులకు స్తూపం అనగానే ధనంబోడు కొండపైని బౌద్ధ నిర్మాణం గుర్తుకు రావడం సహజం. ఆ నిర్మాణాలలో అండం అనే అర్ధగోళం కింద ఉండే మేధి కూడా గుండ్రని పీఠమే కనుక ఈ పోలిక విద్యార్థికి ఉపకరిస్తుంది. అడుగు నుండి అంచు వరకు ఒకే వ్యాసం గల గుండ్రని పాత్రకు సూత్రం ఇది:

ఘనపరిమాణం = పై × వ్యాసార్ధం × వ్యాసార్ధం × ఎత్తు

వ్యాసార్ధం కొలవడానికి పాత్ర నడిబొడ్డు ఎక్కడుందో తెలియాలి. అది క్షేత్రంలో కష్టం. వ్యాసం కొలిచి వర్గం చేసి 0.7854తో, ఆపై ఎత్తుతో గుణించడం మేలు. ఇంకా మేలైనది చుట్టుకొలత రూపం: చుట్టుకొలతను వర్గం చేసి, ఎత్తుతో గుణించి, 12.566తో భాగించాలి. కొలతలన్నీ సెంటీమీటర్లలో ఉంటే ఫలితం ఘన సెంటీమీటర్లలో వస్తుంది. 1000తో భాగిస్తే లీటర్లు.

చుట్టుకొలత రూపం మేలని చెప్పుటకు కారణం ఉన్నది. వ్యాసం సూత్రంలో రెండుసార్లు గుణించబడుతుంది కనుక దానిలోని దోషం ఫలితంలో రెట్టింపవుతుంది. 57 సెం.మీ. వ్యాసాన్ని ఒక సెంటీమీటరు తప్పుగా చదివితే పరిమాణంలో 3.5 శాతం తేడా వస్తుంది. అదే పాత్ర చుట్టుకొలత సుమారు 179 సెం.మీ.; దానిలో ఒక సెంటీమీటరు తప్పు జరిగితే తేడా 1.1 శాతమే. 85 సెం.మీ. ఎత్తులో ఒక సెంటీమీటరు తప్పుకు తేడా 1.2 శాతం. పైగా వాడిన డ్రమ్ము ఏదో ఒక పక్క సొట్ట పడి కొంచెం అండాకారంగా మారి ఉంటుంది. అడ్డంగా ఒకచోట, నిలువుగా ఒకచోట పెట్టి చూస్తే వ్యాసం రెండు విధాలుగా కనిపిస్తుంది. చుట్టూ తిప్పిన టేపు ఆ హెచ్చుతగ్గులను చాలావరకు సర్దుతుంది. ఇక పై విలువ 22/7 తీసుకోవాలా, 3.1416 తీసుకోవాలా అన్న తర్కం ఇక్కడ వ్యర్థం. ఆ రెండింటి మధ్య తేడా డ్రమ్ము మొత్తం మీద 100 మి.లీ. కూడా ఉండదు. జాగ్రత్త చూపవలసినది టేపు దగ్గర.

డ్రమ్మును కొలుద్దాం

పల్లెలలో మందు కలపడానికి వాడే ఇనుప పీపాలు ఎక్కువగా నూనెలు, రసాయనాలు రవాణా అయి వచ్చినవి. వీటి అంతర్జాతీయ ప్రమాణం 55 అమెరికన్ గాలన్లు, అనగా 208 లీటర్లు. అది కూడా నింపవలసిన పరిమాణమే గాని అంచు వరకు పట్టే పరిమాణం కాదు. ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది కనుక పైన కొంత ఖాళీ ఉండేలా పీపాను తయారు చేస్తారు. లోపలి వ్యాసం 22.5 అంగుళాలు, లోపలి ఎత్తు 33.5 అంగుళాలుగా లెక్కిస్తే ఘనపరిమాణం 13,320 ఘన అంగుళాలు. ఘన అంగుళానికి 16.387 ఘన సెం.మీ. చొప్పున ఇది 218 లీటర్లకు పైమాటే. రైతు మూత భాగం కోసివేసి, తెరిచిన నోటితో, అంచు దాకా నింపుకుంటాడు. కాబట్టి "200 లీటర్ల డ్రమ్ము" అని మనం రాసుకునేది వాస్తవంలో 200 కాదు, ఒక్కోసారి 208 కూడా కాదు.

ఒక డ్రమ్మును ఉదాహరణగా తీసుకుందాం. బయటి నుండి, ఉబ్బెత్తు కట్లకు నడుమ నున్నటి చోట టేపు తిప్పితే చుట్టుకొలత 180 సెం.మీ. వచ్చిందనుకుందాం. టేపును కట్టు మీదుగా తిప్పితే కొలత పెరుగుతుంది కనుక ఆ చోటు కూడదు. 180ని 3.1416తో భాగిస్తే బయటి వ్యాసం 57.3 సెం.మీ. రేకు మందం ఒక మిల్లీమీటరు చొప్పున రెండు వైపులా తీసివేస్తే లోపలి వ్యాసం 57.1 సెం.మీ. అవుతుంది. కర్ర దించి చూసిన లోపలి ఎత్తు 85 సెం.మీ.

అడుగు వైశాల్యం = 0.7854 × 57.1 × 57.1 = 2,561 చదరపు సెం.మీ.
ఘనపరిమాణం = 2,561 × 85 = 2,17,700 ఘన సెం.మీ. (సుమారుగా) = 217.7 లీటర్లు.

ఈ లెక్కలో విద్యార్థి గుర్తుంచుకోవలసిన సంఖ్య చివరిది కాదు, మధ్యలోని 2,561. దాని అర్థం ఏమనగా ఈ డ్రమ్ములో నీటి మట్టం ఒక సెంటీమీటరు పెరిగితే 2.56 లీటర్లు చేరినట్లు. 200 లీటర్లు కావాలంటే 200ని 2.56తో భాగించాలి, అడుగు నుండి 78 సెం.మీ. ఎత్తున గీత పెట్టాలి. అంచుకు సుమారు 7 సెం.మీ. కిందన్నమాట. 100 లీటర్లకు 39 సెం.మీ., 50 లీటర్లకు 19.5 సెం.మీ. డ్రమ్ము లోపల ఈ మూడు గీతలు పెయింటుతో వేయించగలిగితే ఆ తరువాత రైతుకు సూత్రంతో పని లేదు. అడుగు భాగం లోపలికి ఉబికి ఉంటే మొదటి గీత కొంత తప్పుతుంది. అటువంటి డ్రమ్ముకు లెక్క ఎట్లా సరిదిద్దాలో తరువాత చూద్దాం.

17.7 లీటర్లు ఎక్కడికి పోతాయి?

తొమ్మిది శాతం తేడాకు ఇంత చర్చ అవసరమా అన్న ప్రశ్న సహజం. మందు లీటరుకు 2 మి.లీ. చొప్పున, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం సిఫారసు అయినదనుకుందాం. రైతు డ్రమ్ముకు 400 మి.లీ. పోసి అంచు దాకా నీరు నింపాడు. ద్రావణం గాఢత లీటరుకు 1.84 మి.లీ.కు తగ్గింది. ఇక్కడినుండి రెండు దారులున్నాయి. డ్రమ్ము మొత్తం ఒకే ఎకరంలో కొడితే ఎకరాకు చేరిన మందు 400 మి.లీ.యే, ఆకుపై పడిన ప్రతి బిందువు మాత్రం పలుచనైనది. ఎకరం 200 లీటర్లతోనే పూర్తయి 17.7 లీటర్లు మిగిలితే, ఆ ఎకరానికి చేరినది 367 మి.లీ. మాత్రమే, మిగిలిన 33 మి.లీ. పక్క మడికో, గట్టుకో, దురదృష్టవశాత్తు కొన్నిచోట్ల కాలువకో చేరుతుంది.

విస్తరణ శాస్త్రవేత్త ఈ రెండు దారులను వేరుచేసి చూడాలి. లీటరు లెక్కన ఇచ్చిన సిఫారసులో గాఢత ముఖ్యం. ఎకరా లెక్కన ఇచ్చిన సిఫారసులో, ముఖ్యంగా కలుపు మందులలో, నేలపై పడే మొత్తం ముఖ్యం. 200 లీటర్ల నీటిని ఎకరం నిండా సమంగా పరిస్తే ఆ పొర మందం 0.05 మి.మీ., అనగా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే. అంత పలుచని పొరలో మందు సరిగా పంచబడాలంటే పాత్ర దగ్గరే తప్పు జరగకూడదు.

దీనికి మరొక పార్శ్వం ఉన్నది. పలుచనైన మందుతో పురుగు పూర్తిగా చావనప్పుడు రైతు తన డ్రమ్మును అనుమానించడు. మందును అనుమానిస్తాడు, లేదా సిఫారసును. మరుసటిసారి మోతాదు పెంచుతాడు, లేదా రెండు మందులు కలుపుతాడు. మిరపలో అవశేషాల సమస్యకూ, పురుగులలో నిరోధక శక్తి పెరగడానికీ ఉన్న అనేక కారణాలలో ఈ అలవాటు కూడా ఒకటి. పరిశోధన పక్షాన చూసినను ఇదే చిక్కు. రైతు పొలంలో ప్రదర్శన మడికి మనం కొలిచిన పాత్రతో మందు కలిపి, పోలిక మడిలో రైతు తన డ్రమ్ముతో కలుపుకుంటే, రెండు మడుల మధ్య కనిపించిన తేడాలో కొంత భాగం కేవలం పాత్రలదే కావచ్చును. సర్వే పత్రంలో "2 డ్రమ్ములు" అన్న సమాధానాన్ని 400 లీటర్లుగా నమోదు చేసే ముందు ఒక డ్రమ్మునైనా కొలిచి చూడడం మేలని నా అభిప్రాయం.

ప్రమాణాల మార్పిడిలో జరిగే తప్పులు

ముందుగా గాలను. ఇంపీరియల్ గాలను 4.546 లీటర్లు; అమెరికన్ గాలను 3.785 లీటర్లు. దిగుమతి పరికరాల పత్రాలలో గాలను అని మాత్రమే ఉంటే అది ఏ దేశపుదో చూడాలి. 55 గాలన్లను ఇంపీరియల్‌గా భావించి లెక్కిస్తే 250 లీటర్లు వస్తుంది. ఆ పీపా అంచు దాకా నింపినా అంత పట్టదు.

రెండవది, అడుగులను మీటర్లుగా మార్చే గుణకాన్ని ఘనపు అడుగులకు వాడుట. అడుగు 0.3048 మీటరు. ఘనపు అడుగుకు ఆ సంఖ్యను మూడుసార్లు గుణించాలి, అప్పుడు 0.0283 ఘన మీటరు, అనగా 28.317 లీటర్లు అవుతుంది. ఒక్కసారే గుణిస్తే జవాబు దాదాపు పదకొండు రెట్లవుతుంది. ఇట్టి తప్పును పట్టుకోవడానికి సూత్రం అక్కరలేదు: అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల డబ్బాలో సుమారు రెండు బిందెల నీళ్లు పడతాయన్న అంచనా మనసులో ఉంటే చాలును. అంగుళాలు, అడుగులు కలిసిన కొలతలలో 3 అడుగుల 8 అంగుళాలను 3.8 అడుగులుగా రాయడం కూడా తరచుగా కనిపిస్తుంది. అది 3.67 అడుగులు.

మూడవది అన్నిటికంటే ఖరీదైనది – బయటి కొలతను లోపలి కొలతగా తీసుకొనుట. ఇనుప రేకుకు ఇది పెద్ద లెక్క కాదు. సిమెంటు ఒరలతో కట్టిన తొట్టి విషయంలో పరిస్థితి వేరు. బయటి వ్యాసం 4 అడుగులు, నీటి ఎత్తు 3 అడుగులు ఉన్న ఒర తొట్టిని బయటి కొలతతో లెక్కిస్తే 37.7 ఘనపు అడుగులు, అనగా 1,067 లీటర్లు. ఒర మందం రెండు అంగుళాలైతే లోపలి వ్యాసం 3 అడుగుల 8 అంగుళాలు, పరిమాణం 31.7 ఘనపు అడుగులు, 897 లీటర్లు. రెండే అంగుళాల గోడ 170 లీటర్లను మింగింది. ఈ తొట్టిలో పైపాటు పిచికారీకి లీటరుకు 10 గ్రాముల చొప్పున నీటిలో కరిగే ఎరువు కలపదలచి, 1,067 లీటర్లని నమ్మి 10.7 కిలోలు వేస్తే, గాఢత ఒక శాతానికి బదులు 1.19 శాతం అవుతుంది. లేత పైరు, మండుటెండ కలిసినచో ఆకు అంచులు మాడే అవకాశం ఉన్నది. డ్రమ్ము విషయంలో తప్పు మందును పలుచన చేసింది. ఇక్కడ చిక్కన చేసింది. కాబట్టి "కొంచెం అటూ ఇటూ అయినా ఒకటే" అన్న మాట చెల్లదు; తప్పు ఎటువైపు జరిగినదో తెలియాలి.

ఇదే సూత్రం బావికీ వర్తిస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగినప్పటివంటి వరదల తరువాత తాగునీటి బావులలో బ్లీచింగు పొడి వేయవలసి వస్తుంది. మంచి నాణ్యత గల పొడి 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు అన్నది సాధారణ ప్రమాణం. నీరు మురికిగా ఉంటే ఆరోగ్య సిబ్బంది పరీక్షించి పెంచుతారు. ఆరు అడుగుల వ్యాసం గల బావిలో పది అడుగుల నీరు ఉంటే 282.7 ఘనపు అడుగులు, 8,006 లీటర్లు. పొడి 20 గ్రాములు. వ్యాసార్ధం అడిగిన చోట వ్యాసం వేస్తే జవాబు నాలుగు రెట్లయి 80 గ్రాములకు పోతుంది. ఖాతవ్యవహారం అనగా తవ్వకాల లెక్కలు, మహావీరాచార్యుని గణితసార సంగ్రహంలో ఒక అధ్యాయమే. ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చిన పావులూరి మల్లన కాలం నాటినుండి ఈ గణితం మన భాషలో ఉన్నదని విద్యార్థులకు చెప్పవచ్చును.

పడుకోబెట్టిన ట్యాంకు

ట్రాక్టరు వెనుక లాగే నీటి ట్యాంకరు అడ్డంగా పడుకోబెట్టిన స్థూపం. నిండు పరిమాణానికి సూత్రం అదే. ఎత్తుకు బదులు పొడవు వేయాలి. చిక్కు వచ్చేది అది సగం సగం నిండినప్పుడు. నిలువు డ్రమ్ములో ప్రతి సెంటీమీటరుకు ఒకే పరిమాణం చేరుతుంది. పడుకున్న ట్యాంకులో అడుగున వెడల్పు తక్కువ, నడుమ ఎక్కువ. కర్ర దించినప్పుడు నీరు వ్యాసంలో పదో వంతు లోతు ఉంటే ట్యాంకులో ఉన్నది 5.2 శాతమే, ఐదో వంతు లోతుకు 14.2, నాలుగో వంతుకు 19.6, పదింట మూడు వంతులకు 25.2, పదింట నాలుగు వంతులకు 37.4 శాతం. సగం లోతు దగ్గర మాత్రమే రెండు లెక్కలు కలుస్తాయి. సగానికి పైన ఇదే క్రమం తలకిందులవుతుంది. ముప్పావు లోతుకు 80.4 శాతం. "పావు ట్యాంకు మిగిలింది" అని పావు వంతు మందు కలిపే రైతు వాస్తవానికి అయిదో వంతు కంటే తక్కువ నీటిలో కలుపుతున్నాడు. కొన్ని ట్యాంకర్లు గుండ్రంగా కాక కోడిగుడ్డు వాటంగా ఉంటాయి. వాటికి ఈ శాతాలను గుడ్డిగా వాడక, నీరు పోసి కొలవడమే మార్గం.

నీరు పోసి సరిచూచుట

సూత్రం చెప్పిన జవాబును పరీక్షించే మార్గం తెలిసిన పాత్రతో నింపి లెక్కపెట్టడం. అడుగు ఉబికిన పీపాలకు, పైభాగం సన్నబడిన ప్లాస్టిక్ డ్రమ్ములకు ఇదే ప్రధాన పద్ధతి. అడుగున ఉబికిన మేరకు మొదట కొలిచిన నీరు పోసి, ఆ మట్టం నుండి పైకి స్థూప సూత్రాన్ని వాడుకోవచ్చును. కాని ఆ తెలిసిన పాత్ర నిజంగా తెలిసినదేనా? ప్లాస్టిక్ బకెట్టు స్థూపం కాదు. పైన వెడల్పు, కింద ఇరుకు. పై వ్యాసం 30, అడుగు వ్యాసం 24, ఎత్తు 28 సెం.మీ. ఉన్న బకెట్టును పై వ్యాసంతోనే లెక్కిస్తే 19.8 లీటర్లు వచ్చి, ఇరవై లీటర్ల బకెట్టే అనిపిస్తుంది. సగటు వ్యాసం 27 తీసుకుంటే 16.0 లీటర్లు. ఛిన్న శంకువు పూర్తి సూత్రంతో చేసినా 16.1. అనగా బకెట్టుకు సగటు వ్యాసం సరిపోతుంది, పై వ్యాసం సరిపోదు.

బకెట్టు మీద అనుమానం తీరకపోతే తూకం ఉన్నది. ఖాళీ బకెట్టును, నిండు బకెట్టును కాటాపై పెట్టి తేడా చూడాలి. మన వేసవి వేడిలో కూడా లీటరు నీటి బరువు కిలోకు పది గ్రాములకు మించి తగ్గదు కనుక కిలోకు లీటరు అనుకోవచ్చును. ధాన్యం కాటా ప్రతి ఊరిలో ఉంటుంది. వీపున మోసే 16 లీటర్ల స్ప్రేయరును కూడా ఇట్లే తూచి చూడాలి. 200 లీటర్ల గీత దాకా నింపిన డ్రమ్ము దానికి పన్నెండున్నర నింపులు కావాలి. పదమూడు దాటి ఇంకా నీరు మిగిలితే గీతలోనో, స్ప్రేయరులోనో తప్పున్నట్లే.

గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల రైతు శిక్షణకు, గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థులకు ఈ క్రింది అభ్యాసం అనుకూలం. ఒక టేపు, ఒక కర్ర, ఒక కాటా, కొంచెం పెయింటు చాలును. మందు వాసన ఉన్న డ్రమ్మును కడిగి, చేతి తొడుగులతోనే పని మొదలుపెట్టాలి.

అభ్యాసం: ఒక డ్రమ్ము లోపలి చుట్టుకొలత 176 సెం.మీ., లోపలి ఎత్తు 80 సెం.మీ. దాని పట్టు ఎంత? 200 లీటర్ల గీత ఎంత ఎత్తున పడును?

జవాబు: 176 × 176 = 30,976. దీనిని 12.566తో భాగిస్తే అడుగు వైశాల్యం 2,465 చదరపు సెం.మీ. 80తో గుణిస్తే 1,97,200 ఘన సెం.మీ., అనగా 197.2 లీటర్లు. ఈ డ్రమ్ములో 200 లీటర్ల గీత పడదు, 81.1 సెం.మీ. ఎత్తు కావాలి, ఉన్నది 80. దీనికి 150 లీటర్ల గీత 60.8 సెం.మీ. దగ్గర పెట్టి, మందును ఆ గీతకు లెక్క కట్టుకొని కలుపుకోవాలి.